అగ్నివీర్ రాత పరీక్షలో జనరల్ సైన్స్: బిట్లు బట్టీ పట్టకుండా ఎలా చదవాలి

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఏ రోడ్డు మీదికైనా తెల్లారకముందు వెళ్లండి, పరుగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఉంటారు, విజయనగరం అయోధ్య మైదానంలో ఉంటారు, పలాస వైపు జీడితోటల మధ్య దారుల్లో కూడా ఉంటారు. పరుగు విషయంలో మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇబ్బందల్లా ఆర్మీ రాత పరీక్ష దగ్గరే. గ్రౌండ్‌కి రోజూ రెండు గంటలు ఇచ్చేవాళ్లు సైన్స్‌కి మాత్రం పరీక్షకి వారం ముందు ఫోన్‌లో ఒక పీడీఎఫ్ దించుకుని, వెయ్యి బిట్లు కళ్లతో తిప్పేసి వెళ్లిపోతున్నారు.

ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఊళ్లో అన్నయ్యలు చెప్పేది పాత పద్ధతి, అంటే ముందు ర్యాలీ, పరుగు, మెడికల్ అయ్యాక రాత పరీక్ష. 2023 నుంచి అది తిరగబడింది. ఇప్పుడు ముందు కంప్యూటర్ మీద రాత పరీక్ష, అందులో పేరు వస్తేనే ర్యాలీకి పిలుపు. మీరు 1.6 కిలోమీటర్లు ఎంత బాగా పరుగెత్తినా, ఆ పరుగు చూపించే అవకాశం రావాలంటే మొదట ఆ గంటసేపటి పరీక్ష దాటాలి.

జనరల్ డ్యూటీ పేపర్లో 50 ప్రశ్నలు, 100 మార్కులు, గంట సమయం. అందులో జనరల్ సైన్స్ 15 ప్రశ్నలు, అంటే 30 మార్కులు. ఒప్పుకి రెండు మార్కులు, తప్పుకి అర మార్కు కోత. మీరు అప్లై చేసే ఏడాది నోటిఫికేషన్ ఒకసారి పూర్తిగా చదివి ఈ లెక్కలు సరిచూసుకోండి, టెక్నికల్, క్లర్క్ పోస్టులకి పేపర్ వేరేగా ఉంటుంది. పదో తరగతి స్థాయి దాటి అడగరు కాబట్టి ఈ 30 మార్కులే అన్నిటికంటే తక్కువ సమయంలో చేతికొచ్చే మార్కులని నా గట్టి నమ్మకం. లెక్కకి నిమిషం పైన పడుతుంది, సైన్స్ ప్రశ్న తెలిస్తే పది సెకన్లు చాలు. మిగిలిన సమయమంతా లెక్కలకి పనికొస్తుంది.

ఏ పుస్తకం? ఆరు నుంచి పది దాకా మన ప్రభుత్వ స్కూలు సైన్స్ పుస్తకాలు, అంతే. ఈమధ్య వచ్చిన వాటిలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటాయి, అది మనకి మంచి సదుపాయం, రెండు భాషల్లోనూ పేరు ఒకేసారి కంటపడుతుంది. ఇంట్లో చెల్లివో తమ్ముడివో ఉంటాయి, లేకపోతే జిల్లా గ్రంథాలయంలో అడగండి. గైడు కొనొద్దని చెప్పను, కానీ గైడు చివరి నెలలో సాధన చేయడానికి, మొదట చదవడానికి కాదు. ఇంకొకటి, తరగతుల వరసలో చదవకండి, పాఠాల వరసలో చదవండి. కాంతి తీసుకుంటే కింది తరగతిలో కాంతి, పై తరగతిలో కాంతి ఒకే రోజు పూర్తి చేయండి, అప్పుడు చిన్న తరగతి పాఠం పెద్ద పాఠానికి మెట్టు అవుతుంది.

ఇక అసలు పద్ధతి. ప్రతి బిట్టుకీ "ఎందుకు" అని అడగండి. బిట్టు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఒక్క ప్రశ్నకే జవాబు వస్తుంది, కారణం తెలిస్తే అదే చోటు నుంచి నాలుగు ప్రశ్నలకి వస్తుంది. ప్రెజర్ కుక్కర్ సంగతే చూడండి. లోపల ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే నీళ్లు మరిగే ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటి పైకి వెళ్తుంది, ఆ వేడిలో అన్నం త్వరగా ఉడుకుతుంది. ఇది అర్థమైతే, లద్దాఖ్ లాంటి ఎత్తైన చోట మామూలు గిన్నెలో అన్నం ఎందుకు ఉడకదో మీరే చెప్పగలరు, అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, నీళ్లు 100 కంటే ముందే మరిగిపోతాయి. విమానంలో ఫౌంటెన్ పెన్ను ఎందుకు కారుతుంది, ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్ రీడింగ్ ఎందుకు తగ్గుతుంది, ఇవన్నీ అదే కుటుంబం.

మన ఊళ్లో కనిపించే ఫిజిక్స్

తుఫాను మనకి కొత్త కాదు. 2014లో హుద్‌హుద్, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఈ రెండూ చూసినవాళ్లకి ఇంటి మీద రేకులు ఎలా లేచిపోయాయో గుర్తుండే ఉంటుంది. గాలి కప్పు పైన చాలా వేగంగా వెళ్తున్నప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, ఇంటి లోపలి గాలి ఒత్తిడి మామూలుగానే ఉంటుంది, ఆ తేడా రేకుని కింది నుంచి పైకి నెట్టేస్తుంది. ఇది బెర్నౌలీ సూత్రం, విమానం రెక్క పైకి లేవడం గురించి కూడా దీంతోనే అడుగుతారు. తుఫాను వచ్చే ముందు బారోమీటర్ రీడింగ్ ఒక్కసారిగా పడిపోతుంది, ఇది తరచూ కనిపించే బిట్టు.

పగలు సముద్రం నుంచి నేల మీదికి గాలి, రాత్రి నేల నుంచి సముద్రం మీదికి గాలి. నీటికి విశిష్టోష్ణం ఎక్కువ కాబట్టి అది నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది. పగలు నేల ముందు వేడెక్కి, దాని పైన గాలి తేలికై లేస్తే ఆ ఖాళీలోకి సముద్రపు గాలి వస్తుంది, రాత్రి ఇది తిరగబడుతుంది. తెరచాప పడవల కాలంలో మత్స్యకారులు తెల్లవారుజామునే బయల్దేరడానికి ఈ నేల గాలే ఆధారం. కారు రేడియేటర్లో నీళ్లు ఎందుకు పోస్తారు అన్న ప్రశ్నకి కూడా జవాబు ఇదే, నీరు ఎక్కువ వేడి తీసుకుంటుంది, తన ఉష్ణోగ్రత మాత్రం నిదానంగా పెరుగుతుంది.

పిడుగు సంగతి పరీక్షకే కాదు, ప్రాణానికి కూడా పనికొస్తుంది. కాంతి సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, ధ్వని గాలిలో సెకనుకి సుమారు 340 మీటర్లే. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో వచ్చేస్తుంది. గ్రౌండ్‌లో ఉండగా ఆ లెక్క తగ్గుతోందంటే పరుగు ఆపేసి గట్టి కప్పున్న చోటికి పోండి, చెట్టు కిందికి వద్దు. ధ్వని గురించి అడిగేవి ఇంకా కొన్నే. అది శూన్యంలో ప్రయాణించదు, ఘనపదార్థాల్లో ఎక్కువ వేగంగా వెళ్తుంది, మనిషి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినగలడు, ఆ పైన ఉన్న అతిధ్వనులు గబ్బిలాలకి వినిపిస్తాయి. సోనార్ నీటి అడుగున ధ్వనితో వెతుకుతుంది, రాడార్ రేడియో తరంగాలతో పనిచేస్తుంది. ఆర్మీ పరీక్ష కాబట్టి ఈ రెండిటి తేడా పక్కాగా ఉండాలి.

కాంతికి మనకి అరసవల్లి ఉంది. మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు ఉదయం సూర్యకిరణాలు నేరుగా వచ్చి గర్భగుడిలో స్వామి పాదాలు తాకుతాయి. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందన్నది ఒక పాఠం, భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండడం వల్ల సూర్యుడు ఉదయించే చోటు ఏడాది పొడుగునా జరుగుతూ ఉంటుందన్నది రెండో పాఠం. సూర్యకాంతి భూమిని చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. ఆకాశం నీలంగా ఉండడం కాంతి పరిక్షేపణం, అంటే గాలిలో కాంతి చెదిరిపోవడం వల్ల. ఎరుపు అన్నిటికంటే తక్కువగా చెదిరిపోతుంది కాబట్టి ప్రమాద సూచికలకి ఎరుపే వాడతారు. ఎండమావి, వజ్రం మెరుపు, ఆప్టికల్ ఫైబర్ మూడూ సంపూర్ణాంతర పరావర్తనం, అంటే కాంతి బయటికి పోకుండా మొత్తం లోపలికే తిరిగి రావడం. 1928 ఫిబ్రవరి 28న సి.వి. రామన్ కనుగొన్నది రామన్ ఫలితం, ఆ రోజే జాతీయ సైన్స్ దినోత్సవం, 1930లో ఆయనకి నోబెల్.

అద్దాల దగ్గర చాలామంది తడబడతారు. ఆర్టీసీ బస్సు పక్కన ఉండేది కుంభాకార దర్పణం, బొమ్మ చిన్నగా కనిపించినా వెనక రోడ్డు ఎక్కువ చూపిస్తుంది. హెడ్‌లైట్ లోపల, పళ్ల డాక్టరు చేతిలో ఉండేది పుటాకార దర్పణం. దర్పణం వేరు, కటకం వేరు, ప్రశ్నలో ఏది ఉందో రెండుసార్లు చూసుకోండి. దూరంగా ఉన్నవి కనపడని హ్రస్వదృష్టికి పుటాకార కటకం, దగ్గరవి కనపడని దీర్ఘదృష్టికి కుంభాకార కటకం. మెడికల్‌లో రంగుల చుక్కల పుస్తకం చూపించి వర్ణాంధత్వం పరీక్షిస్తారు కదా, అది పుట్టుకతో వచ్చే జన్యు లోపం, ఎక్స్ క్రోమోజోముతో వస్తుంది కాబట్టి అబ్బాయిల్లో ఎక్కువ.

న్యూటన్ నియమాలు మూడూ ఉదాహరణలతో గుర్తుపెట్టుకోండి, నిర్వచనం అడగడం తక్కువ. బస్సు బ్రేకు వేస్తే ముందుకి తూలడం మొదటిది, క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కోవడం రెండోది, తుపాకీ పేలితే భుజానికి వెనక్కి తన్నడం, రాకెట్ ఎగరడం మూడోది. ద్రవ్యరాశి ఎక్కడైనా ఒకటే, బరువు మారుతుంది, చంద్రుడి మీద ఆరో వంతు. భూమి పలాయన వేగం, అంటే భూమి ఆకర్షణ దాటి పోవడానికి కావాల్సిన వేగం, సెకనుకి 11.2 కిలోమీటర్లు. నాగావళి నుంచి సముద్రంలోకి వెళ్లిన పడవ కాస్త పైకి తేలుతుంది, ఉప్పునీటి సాంద్రత ఎక్కువ కాబట్టి.

కరెంటుకి మీ ఇంటి మీటరు చాలు. ఒక యూనిట్ అంటే కిలోవాట్ గంట, 100 వాట్ల బల్బు పది గంటలు వెలిగితే అయ్యేది, జౌళ్లలో 36 లక్షలు. ఒక హార్స్ పవర్ 746 వాట్లు, అంటే పొలంలో 5 హెచ్‌పీ మోటారు 3,730 వాట్లు. ఇళ్లలో వైరింగ్ సమాంతరంగా ఉంటుంది, అందుకే ఒక బల్బు మాడినా మిగతావి వెలుగుతాయి. మోటారు కరెంటుని కదలికగా మారుస్తుంది, డైనమో కదలికని కరెంటుగా మారుస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఏసీ మీదే పనిచేస్తుంది. ఫ్యూజు తీగ ద్రవీభవన స్థానం తక్కువ, బల్బు టంగ్‌స్టన్ తీగది చాలా ఎక్కువ, ఈ రెండూ కలిపి అడుగుతారు.

కెమిస్ట్రీ: వంటిల్లు, సున్నం, ఇత్తడి

కెమిస్ట్రీ అంటే టెన్షన్ పడతారు గానీ ఈ పరీక్షలో వచ్చేది చాలావరకు వస్తువు పేరు, దాని రసాయన నామం, వాడకం. పెద్ద సమీకరణాల జోలికి పోవాల్సిన పనే లేదు.

మన జిల్లా బుడితి ఊరు ఇత్తడి, కంచు సామానుకి పేరు. ఇత్తడి రాగి, జింకు కలిసింది. కంచు రాగి, తగరం కలిసింది. ఇవి తారుమారు చేసి అడగడం పరీక్షలో మామూలే. ఇత్తడి గిన్నెని చింతపండుతో తోమితే ఎందుకు మెరుస్తుంది? చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది, గిన్నె మీద గాలి తగిలి పేరుకున్న ఆక్సైడ్ పొరని అది కరిగిస్తుంది. అదే కారణానికి పులుపు వస్తువుల్ని ఉత్త ఇత్తడి గిన్నెలో ఉంచకూడదు, లోహం కరిగి తిండిలోకి వస్తుంది, అందుకే లోపల కళాయి పూస్తారు, ఆ కళాయి అంటే తగరం. ఒక్క గిన్నె నుంచి మిశ్రమలోహం, ఆమ్లం, లోహం ఆక్సీకరణం, పూత అన్నీ వచ్చేశాయి చూడండి. ఉక్కు ఇనుము, కార్బన్. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో క్రోమియం, నికెల్ చేరతాయి. గరివిడి, చీపురుపల్లి వైపు తవ్వే మాంగనీస్ ఉక్కుకి గట్టిదనం ఇవ్వడానికే ఎక్కువగా వాడతారు.

తుప్పుకి ఆక్సిజన్, తేమ రెండూ కావాలి. తుప్పు పట్టిన మేకు బరువు పెరుగుతుంది, తగ్గదు, ఎందుకంటే ఆక్సిజన్, నీరు వచ్చి కలిశాయి. సముద్రం ఒడ్డు ఊళ్లలో సైకిళ్లు, గేట్లు త్వరగా పాడవడం ఉప్పు గాలి వల్ల. ఇనుము మీద జింకు పూత వేయడం గాల్వనైజేషన్.

సున్నం కథ మొత్తం ఒక్కసారి కూర్చుని అర్థం చేసుకోండి, దీని నుంచి ఎన్ని ప్రశ్నలైనా వస్తాయి. సున్నపురాయి, గుల్లసున్నం చేసే సముద్రపు గవ్వలు, గుడ్డు పెంకు అన్నీ కాల్షియం కార్బొనేట్. బట్టీలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడిసున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. దాని మీద నీళ్లు పోస్తే బుసబుసలాడుతూ వేడి వస్తుంది, ఇది ఉష్ణమోచక చర్య, వచ్చేది కాల్షియం హైడ్రాక్సైడ్, తడిసున్నం. దాన్ని గోడకి వేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి మళ్లీ కాల్షియం కార్బొనేట్ అయి గోడ తెల్లగా మెరుస్తుంది. తేట సున్నపు నీటిలోకి గొట్టంతో ఊదితే పాలలా మారడం కూడా ఇదే చర్య. మొదలైన చోటికే తిరిగి వచ్చింది కాబట్టి ఒకసారి పట్టుబడితే మరిచిపోరు.

ఆమ్లాలు: నిమ్మ సిట్రిక్, పెరుగు లాక్టిక్, వెనిగర్ ఎసిటిక్, చీమ కుట్టినప్పుడు వచ్చేది ఫార్మిక్, కడుపులో హైడ్రోక్లోరిక్, బ్యాటరీలో సల్ఫ్యూరిక్. ఆమ్లం నీలి లిట్మస్‌ని ఎర్రగా మారుస్తుంది. పీహెచ్ 7 తటస్థం, రక్తానిది 7.4 చుట్టూ. వంట సోడా సోడియం బైకార్బొనేట్, బట్టల సోడా సోడియం కార్బొనేట్, ఈ జంట దగ్గర మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. గాలిలో నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం, మూడో స్థానం కార్బన్ డయాక్సైడ్‌ది అనుకుంటారు, కాదు, ఆర్గాన్‌ది. వంట గ్యాసుకి సొంతంగా వాసన లేదు, లీకైతే తెలియడానికి ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. గోబర్ గ్యాసులో ముఖ్యంగా ఉండేది మీథేన్. సోడియంని కిరోసిన్‌లో, తెల్ల భాస్వరాన్ని నీళ్లలో ఉంచుతారు.

బయాలజీకి ఎక్కువ సమయం ఇవ్వండి

ఇక్కడ నా సలహా సూటిగా చెప్తాను. మూడింటిలో దేనికి ఎక్కువ రోజులు అంటే బయాలజీకే. లెక్క చేయాల్సిన పని లేదు, అడిగే చోట్లు కూడా తెలిసినవే, పైగా మీరు రోజూ పరుగెత్తే ఒంటి గురించే.

పరుగు చివరి రౌండ్‌లో పిక్కలు పట్టేస్తాయి కదా, కండరాలకి కావాల్సినంత ఆక్సిజన్ అందక గ్లూకోజ్ సగంలోనే విచ్ఛిన్నమై లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది, దాన్ని అవాయు శ్వాసక్రియ అంటారని పుస్తకం చెప్తుంది. ఆక్సిజన్ మోసేది ఎర్ర రక్తకణాల్లో హీమోగ్లోబిన్, అందులో ఉండే లోహం ఇనుము. ఆకుల్లో పత్రహరితంలో ఉండేది మెగ్నీషియం, ఈ రెండూ జంటగా గుర్తుపెట్టుకోండి. ఎర్ర కణాలు ఎముక మజ్జలో పుట్టి సుమారు 120 రోజులు బతుకుతాయి. ఇనుము తక్కువైతే రక్తహీనత, అప్పుడు పరుగులో ఆయాసం త్వరగా వస్తుంది. చెమట ఆవిరవుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది కాబట్టి చల్లబడతాం, మట్టి కుండలో నీళ్లు చల్లబడేదీ అలాగే. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ, చెమట త్వరగా ఆరదు, అందుకే ఉక్కపోత. కణంలో శక్తి తయారయ్యేది మైటోకాండ్రియాలో, ఆ శక్తి ఏటీపీ రూపంలో ఉంటుంది. కండరాల్లో ఏటీపీ మీద పనిచేసిన శాస్త్రవేత్తల్లో మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

విటమిన్లు తప్పకుండా వస్తాయి. ఏ, డి, ఈ, కె కొవ్వులో కరుగుతాయి, బి, సి నీళ్లలో కరుగుతాయి. గంజి వార్చి పారబోస్తే బి విటమిన్లు దాంతోపాటే పోతాయి. పాలిష్ బియ్యం మీదే బతికితే బి1 లోపించి బెరిబెరి వస్తుంది, దంపుడు బియ్యంలో ఆ పొర ఉంటుంది. ఏ లోపిస్తే రేచీకటి, సి లోపిస్తే చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ, డి లోపిస్తే పిల్లల్లో రికెట్స్, కె లేకపోతే రక్తం గడ్డకట్టదు, బి12లో కోబాల్ట్ ఉంటుంది. సి వేడికి పోతుంది కాబట్టి ఉసిరి, నిమ్మ పచ్చిగా తినడం మేలు. చోడి అంబలిలో కాల్షియం బాగా ఉంటుంది. అయోడిన్ లోపిస్తే గాయిటర్.

రోగాలని ఏ సూక్ష్మజీవి వల్ల వచ్చిందో ఆ గుంపుల్లో పెట్టుకోండి. వైరస్: డెంగీ, చికున్‌గున్యా, పోలియో, రేబిస్, తట్టు, ఎయిడ్స్. బాక్టీరియా: క్షయ, టైఫాయిడ్, కలరా, కుష్ఠు, ధనుర్వాతం. మలేరియా ప్రోటోజోవా, తామర ఫంగస్. దోమల దగ్గర జాగ్రత్త. మలేరియాకి ఆడ అనాఫిలిస్, డెంగీకి ఏడిస్, మన తీర గ్రామాలు ఎన్నో ఏళ్లుగా చూస్తున్న బోదకాలుకి క్యూలెక్స్, బోదకాలు తెచ్చేది సూక్ష్మమైన పురుగు. దోమలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో. డెంగీలో తగ్గేవి ప్లేట్‌లెట్లు.

కిడ్నీ జబ్బు గురించి ఉద్దానం పిల్లలకి నేను కొత్తగా చెప్పేదేముంది. కవిటి, సోంపేట, పలాస వైపు ఎన్ని ఇళ్లు దీనివల్ల చితికిపోయాయో, అక్కడ ఇంతమందికి ఎందుకు వస్తోందో ఇప్పటికీ తేలలేదు. పుస్తకంలో పాఠం చదివేటప్పుడు దాన్ని శ్రద్ధగా చదవండి. మూత్రపిండంలో పనిచేసే చిన్న భాగం నెఫ్రాన్, ఒక్కో మూత్రపిండంలో దాదాపు పది లక్షలు ఉంటాయి, రక్తంలోంచి యూరియాని వడకట్టేది అవే, అవి దెబ్బతింటే ఆ పని యంత్రంతో చేయించడమే డయాలసిస్. యూరియా తయారయ్యేది మాత్రం కాలేయంలో, ఇది పట్టుకుని అడుగుతారు.

గుండె గదులకి మన తీరమే పాఠం. వలలో పడ్డ చేపకి రెండు, కప్పకి మూడు, మన ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్లే ఆలివ్ రిడ్లే తాబేలు సరీసృపం కాబట్టి దానికీ మూడు, తేలినీలాపురం వచ్చే పెలికాన్లు పక్షులు కాబట్టి నాలుగు, మనకి నాలుగు. సరీసృపాల్లో మొసలి ఒక్కదానికే నాలుగు. తాబేలు నీళ్లలో ఉన్నా ఊపిరితిత్తులతోనే శ్వాసిస్తుంది, అందుకే పెద్ద వలల్లో చిక్కుకుంటే పైకి రాలేక చచ్చిపోతుంది. గబ్బిలం, తిమింగలం క్షీరదాలు.

మొక్కల్లో రెండు మనవే. కొబ్బరి నీళ్లు ద్రవరూపంలో ఉండే అంకురచ్ఛదం, అంటే గింజలో మొలకకి ఆహారం దాచే భాగం. జీడిమామిడిలో రసం తీసే ఎర్రటి పండు అసలు పండు కాదు, ఉబ్బిన కాడ. కింద వేలాడే గింజతో ఉన్న కాయే నిజమైన ఫలం. ఇక బంగాళాదుంప, అల్లం, పసుపు కాండాలు, చిలగడదుంప, క్యారెట్ వేళ్లు. చిక్కుడు జాతి వేళ్లలో ఉండే బాక్టీరియా రైజోబియం.

బట్టీ పట్టక తప్పనివి కొన్ని ఉన్నాయి, వాటిని ఒప్పుకుని ఒక చిన్న నోటుబుక్కులో విడిగా రాసుకోండి: ప్రమాణాలు, కొలిచే పరికరాలు, రసాయన నామాలు, విటమిన్లు, ఎవరు ఏది కనుగొన్నారు, ఒంట్లో సంఖ్యలు. పెద్దవాళ్లలో ఎముకలు 206, క్రోమోజోములు 46, పెద్ద గ్రంథి కాలేయం, పొడవైన ఎముక తొడ ఎముక, చిన్నది చెవిలో స్టేపిస్. రక్తవర్గాలు కనుగొన్నది లాండ్‌స్టీనర్, అందరికీ ఇవ్వగలిగేది ఓ నెగెటివ్, అందరి నుంచి తీసుకోగలిగేది ఏబీ పాజిటివ్. కాంతి సంవత్సరం దూరానికి ప్రమాణం, కాలానికి కాదు. సెల్సియస్, ఫారన్‌హీట్ రెండూ ఒకటయ్యేది మైనస్ 40 దగ్గర. గ్రౌండ్ నుంచి ఇంటికి నడిచి వచ్చేటప్పుడు పక్కవాడితో ఈ పుస్తకం మీద ఒకరినొకరు అడుక్కోండి, నోటితో చెప్పింది కంటితో చూసినదానికంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది. మాక్ టెస్టులు ఇంటర్నెట్ సెంటర్లో అయినా సరే కొన్ని కంప్యూటర్ మీదే రాయండి, ఫోన్ మీద అలవాటైన కంటికి పరీక్ష రోజు పెద్ద తెర, మౌసు కొత్తగా ఉంటాయి.

పరీక్షలో సైన్స్ ముందు చేసేయండి. తెలియని ప్రశ్న దగ్గర ఏం చేయాలి అని అందరూ అడుగుతారు, దీనికి లెక్క ఉంది. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియకుండా గుడ్డిగా పెడితే సగటున ఒక ప్రశ్నకి ఎనిమిదో వంతు మార్కు మాత్రమే లాభం, అది లేనట్టే. ఒక్క ఆప్షన్ ఖాయంగా తప్పని తెలిస్తే ఆ లాభం మూడో వంతు మార్కు అవుతుంది. రెండు కొట్టేయగలిగితే ముప్పావు మార్కు. కాబట్టి ఏమీ తెలియకపోతే వదిలేయండి, రెండు కొట్టేయగలిగితే మాత్రం వదలకండి. "కానిది ఏది" అన్న ప్రశ్నల్లో ఇది బాగా పనిచేస్తుంది.

ఉదాహరణకి, వైరస్ వల్ల రానిది ఏది: పోలియో, రేబిస్, టైఫాయిడ్, డెంగీ. రోగాల గుంపులు గుర్తుకు రాలేదనుకోండి. పోలియో, డెంగీ వైరస్‌లని ఎప్పుడో విన్నారు, అవి పోయాయి. మిగిలింది రేబిస్, టైఫాయిడ్. టైఫాయిడ్ వచ్చినవాళ్లకి డాక్టరు యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడమని చెప్పడం మీ ఇంట్లోనో పక్కింట్లోనో చూసి ఉంటారు. యాంటీబయాటిక్స్ బాక్టీరియా మీద పనిచేస్తాయి, వైరస్ మీద పనిచేయవు. టైఫాయిడ్ పెట్టేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోండి.